దిగడానికింత నేల

పల్నాటి సీమలో ఈపూరు మా ఊరు. నా చిన్నతనంలో మిరపచేలో పనిచేసేవారు ఆకాశంలో విమానం మోత వినిపించగానే నడుము నిలబెట్టి, కంటికి చేయి అడ్డం పెట్టుకొని పైకి చూసేవారు. పెద్ద విమానమైతే అది ఏ మద్రాసుకో, హైదరాబాదుకో పోతున్నదని సమాధానపడి మళ్ళీ పనిలో దిగేవారు. ఎప్పుడో ఒకనాడు చిన్న విమానం, చక్రాలు సైతం కనిపించేటంత తక్కువ ఎత్తున సాగిపోతే మాత్రం ఆ కబురు సాయంకాలందాకా ఊళ్ళో నలిగేది. మా తాతగారు ఒక్కటే ప్రశ్న వేసేవారు: "ఎగరడం సరేరా, అది దిగేది ఎక్కడ?"

ఆ ప్రశ్నకు అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదువుకొని, కొంత తిరిగి తెలుసుకొన్న తరువాత, విమానయాన చరిత్ర సారమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నదని అనిపించింది. ఆకాశం ఎవరి సొత్తూ కాదు. దానికి గట్లు లేవు, సరిహద్దు రాళ్ళు లేవు. నేల అలా కాదు. ప్రతి సెంటుకూ ఒక యజమాని ఉంటాడు. కనుక విమానం కథ ఎంత ఆకాశానిదో అంత నేలది కూడా. ఈనాటి ప్రసంగంలో ఆ నేల కథను, అందులోనూ చిన్న విమానాశ్రయాల కథను ముచ్చటించుకుందాం.

విమానాశ్రయం అనగానే మనకు అద్దాల మేడలు, సామాన్లు తూచే యంత్రాలు, బారులు తీరిన ప్రయాణికులు గుర్తుకు వస్తారు. అవి టిక్కెట్లు అమ్మి, వేళాపట్టిక ప్రకారం నడిచే విమానాలకు సంబంధించిన హంగులు. ఆ విమానాలనూ, సైన్యపు విమానాలనూ తీసివేస్తే మిగిలినదంతా సామాన్య విమానయానం. వైమానిక విద్య నేర్చే శిక్షణార్థులు, రోగిని తరలించే విమానాలు, భూములను ఆకాశంనుంచి కొలిచే సర్వేవారు, సొంత పనిమీద పోయే వ్యాపారులు, మంత్రులు, సరదాగా ఎగిరే క్లబ్బు సభ్యులు అందరూ ఈ కోవలోనివారే. వీరికి మేడలతో పనిలేదు. ఇంచుమించు వెయ్యి మీటర్ల చదునైన గట్టి బాట, దాని రెండు కొసలా చెట్లూ తీగలూ లేని తెరపి, గాలి ఎటు వీస్తున్నదో చూపే గుడ్డగొట్టం, ఇంధనం, ఒక షెడ్డు, ఒక కావలి ఉంటే చాలు. విమానం ఎదురుగాలికి ఎగరాలి, ఎదురుగాలికే దిగాలి. అందుచేత ఆ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఎటు వీస్తుందో చూసి బాట వేస్తారు. బాట కొసన పెద్ద అంకెలు వ్రాసి ఉంటాయి. హైదరాబాదు బేగంపేటలో ఒక కొసన 09, రెండవ కొసన 27 అని ఉన్నది. దిక్సూచిమీద 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. చివరి సున్న తీసివేస్తే బాట పేరు వస్తుంది. ఇంతకు మించిన రహస్యం అందులో లేదు.

అమెరికాలో రైటు సోదరులు 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుకనేలమీద మొదటిసారి ఎగిరినప్పుడు ఆ విమానం గాలిలో నిలిచింది 12 సెకండ్లు. సాగిన దూరం 120 అడుగులు. ఆ తరువాత ఎనిమిదేండ్లు నిండకుండానే మన దేశంలో ఉత్తరాలు ఆకాశమార్గాన పోయినవి. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు ప్రదర్శన మైదానంనుంచి ఆరువేల పైచిలుకు ఉత్తరాలతో ఆన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు నది దాటి నైనీలో దిగాడు. ఆ రోజులలో విమానాశ్రయం అనే మాటకు అర్థం మైదానమే. పరేడ్ మైదానమో, గుర్రప్పందేల బయలో, ఎండిన చెరువో, ఏది చదునుగా ఉంటే అదే విమానాశ్రయం.

1928 ప్రాంతాన మన దేశపు మహానగరాలలో ఫ్లయింగ్ క్లబ్బులు వెలిసినవి. బొంబాయిలో జుహూ మైదానం ఆ సంవత్సరంలోనే మొదలయింది. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు పుచ్చుకొన్నాడు. 1932 అక్టోబరు 15న ఆయనే కరాచీనుంచి అహమ్మదాబాదు మీదుగా టపా సంచులతో జుహూ చేరాడు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ అనే వైమానికుడు ఆ సంచులను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. అప్పటి మద్రాసు రాజధానిలో తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే బళ్ళారి ఈ తొలి మార్గంలో మజిలీ అయింది. అంత చిన్న విమానం ఒక్క ఎగురుడులో బొంబాయినుంచి మద్రాసుకు రాలేదు గనుక నడుమ దిగడానికింత నేల కావలసి వచ్చింది. నడుమ ఊళ్ళకు విమానం ఇచ్చిన మొదటి మర్యాద అదే.

అదే కాలంలో పాశ్చాత్య దేశాలలో ఒక కొత్త ఆలోచన బయలుదేరింది. రైలు స్టేషను రైలు కంపెనీది, ఓడరేవు రేవు ట్రస్టుది అయినట్లు, విమానాలు దిగే నేల ఎవరిది కావాలి? ఊరిది కావాలి అన్నారు కొందరు. 1929లో ఇంగ్లండులో సర్ అలన్ కోబమ్ అనే సుప్రసిద్ధ వైమానికుడు తన విమానంలో ఊరూరా తిరిగి, మేయర్లను ఎక్కించుకొని తిప్పి, ప్రతి పురపాలక సంఘమూ తనకంటూ ఒక విమానాశ్రయం కట్టుకోవాలని ప్రచారం చేశాడు. మాంచెస్టరు నగరం బార్టన్ అనేచోట నెలకొల్పిన విమానాశ్రయం 1930లో ప్రారంభమయింది. పెద్ద విమానాలు వేరొకచోటికి తరలిపోయినా, యాజమాన్యం మారినా, బార్టన్‌లో నేటికీ చిన్న విమానాలు ఎగురుతున్నవి.

అమెరికాలో ఈ పద్ధతి మరింత వేళ్ళూనుకొన్నది. 1946లో అక్కడి ప్రభుత్వం విమానాశ్రయాల చట్టం చేసి, నేల ఊరిదే అయినా నిర్మాణానికి కేంద్ర ఖజానానుంచి సాయం ఇచ్చే ఏర్పాటు చేసింది. సాయం పుచ్చుకొన్న ఊరు ఒక మాట ఇవ్వాలి: వచ్చినవారు ఎవరైనా సరే, తనవారు పరాయివారు అనే భేదం లేకుండా దిగనివ్వాలి. పల్నాటివారికి ఈ మాట కొత్తగా తోచదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని చెప్పుకొంటాం గదా. పరచిన చాప ఒకటే. కూర్చున్నవారి కులం అడిగే పని లేదు. సార్వజనిక విమానాశ్రయం అన్న మాటకు అసలు అర్థం అదే. నేడు ఆ దేశంలో ప్రజలందరికీ తెరచి ఉన్న విమానాశ్రయాలు సుమారు 5,000 ఉన్నవి. వేళాపట్టిక ప్రకారం నడిచే విమానాలు వచ్చేవి వాటిలో కొద్దిపాటి మాత్రమే. తక్కినవన్నీ చిన్నవి, వాటిలో అధికభాగం ఊళ్ళవీ, జిల్లాలవీ.

ఇక మన దేశం సంగతి. తెలుగునాట పురపాలక సంఘం తన సొంత ఆస్తిగా నడిపే విమానాశ్రయం లేదు. ఆ ఆలోచనకు ఇక్కడ పాదు పడకపోవడానికి చారిత్రక కారణాలున్నవి. బ్రిటిషు ఏలుబడిలో విమానయానం కేంద్ర ప్రభుత్వపు చేతిలోనే ఉన్నది. స్వతంత్ర భారత రాజ్యాంగం సైతం విమానయానాన్నీ విమానాశ్రయాల ఏర్పాటునూ కేంద్ర జాబితాలో 29వ అంశంగా చేర్చింది. సంస్థానాల దారి మాత్రం వేరు. అక్కడ నేల ప్రభువుది, ఖజానా ప్రభువుది. సంకల్పం కూడా ఆయనదే. అందువల్లనే తెలుగునాట చిన్న విమానాశ్రయం కథ నిజాం రాజ్యంలో మొదట రూపు కట్టింది.

1930వ దశకంలో హైదరాబాదులో ఏరో క్లబ్బు ఏర్పడింది. దానితోపాటే బేగంపేట మైదానం విమానాలకు ఆటపట్టు అయింది. అంటే బేగంపేట పుట్టుక ప్రయాణికులకోసం కాదు. ఎగరడం నేర్చుకోదలచిన కొద్దిమంది కోసం. 1937లో అక్కడ ప్రయాణికుల భవనం వెలసింది. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థను స్థాపించగా, మరుసటి ఏటనుంచి దాని డకోటా విమానాలు బేగంపేటనుంచి బయలుదేరినవి. ఈ సంస్థే ప్రేమ్ మాథుర్ అనే యువతికి విమానం నడిపే ఉద్యోగం ఇచ్చింది. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో విద్య నేర్చి 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ఆమెను, స్త్రీ అన్న కారణంగా ఇతర సంస్థలు తిప్పిపంపగా, తలుపు తెరిచింది హైదరాబాదు. మన దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ఆమే. చిన్న క్లబ్బు ఒక మనిషికి రెక్కలు ఎలా ఇస్తుందో చెప్పడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

1953 ఆగస్టు 1న విమాన సంస్థలు జాతీయం కాగా డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నగరం పెరిగింది. విమానాలు పెద్దవయినవి. 1972లో కొత్త భవనం వచ్చింది. మైదానంగా మొదలైన బేగంపేట నగరం నడిబొడ్డున ఇరుకున పడింది. చివరకు 2008 మార్చి 22 అర్ధరాత్రి వేళాపట్టిక విమానాలు అక్కడ నిలిచిపోయి, 23వ తేదీనుంచి శంషాబాదులో మొదలయినవి. ఆనాడు బేగంపేట చరిత్ర ముగిసిందని చాలామంది అనుకొన్నారు. అది పొరపాటు. శిక్షణ విమానాలు, ప్రముఖుల విమానాలు, హెలికాప్టర్లు, వైమానిక దళపు శిక్షణ అక్కడ సాగుతూనే వచ్చినవి. పెద్ద విమానాశ్రయమనే పాత్ర తీరిపోగానే బేగంపేట తన మొదటి పాత్రకు తిరిగి వచ్చిందన్న మాట. దానికి ఆ నేల చెక్కుచెదరకుండా ఉండడం ఒక కారణం, రోజూ అక్కడ ఎవరో ఒకరు ఎగురుతూ ఉండడం మరొక కారణం.

ఈ రెండవ కారణం ఎంత ముఖ్యమో తెలుసుకోవాలంటే ఓరుగల్లు దగ్గరి మామునూరు వెళ్ళాలి. 1930లో నిజాం కాలంలో అక్కడ విమానాశ్రయం నిర్మించారు. దాని విస్తీర్ణం 1,800 ఎకరాలకు పైమాటే. ఆ కాలానికి అది మన దేశంలోని పెద్ద విమానాశ్రయాలలో ఒకటి. 1980ల తొలినాళ్ళ తరువాత రాకపోకలు నిలిచిపోయినవి. విమానం రాని విమానాశ్రయాన్ని చూసి ఎవరు మర్యాద చేస్తారు? నేల ఇతర అవసరాలకు పంచిపెట్టగా పంచిపెట్టగా, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేతిలో మిగిలినది సుమారు 700 ఎకరాలు. పైగా శంషాబాదు ఒప్పందంలో చుట్టూ 150 కిలోమీటర్లలో కొత్త విమానాశ్రయం పెట్టరాదన్న నిబంధన అడ్డు నిలిచింది. ఆ అడ్డు తొలగి, పునరుద్ధరణకు కేంద్రం 2025లో అనుమతించేటప్పటికి, రాష్ట్ర ప్రభుత్వం మరి 280 ఎకరాలను రైతుల దగ్గర కొత్తగా సేకరించవలసి వచ్చింది. ఒకనాడు తన చేతిలో ఉన్న నేలను పోగొట్టుకొని, ఈనాడు రైతును అడగవలసిన స్థితి అది. ఊరి చెరువును వాడకం లేక వదిలివేస్తే మొదట గట్టు, తరువాత అలుగు, ఆ తరువాత చెరువే మాయమవుతుంది. విమానాశ్రయానిదీ అదే తీరు.

ఏలినవారికి ఇలాంటి నేలమీద అనుమానం ఉండడం కూడా సహజమే. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుంచి రాత్రివేళ హైదరాబాదు సంస్థానానికి విమానాలలో ఆయుధాలు చేరవేశాడు. కావలి లేని మైదానం రాజ్యానికే ముప్పు కాగలదని ఆ సంఘటన తెలిపింది. విమానాశ్రయాన్ని ఊరి చేతిలో పెట్టడానికి ఢిల్లీ వెనుదీయడానికి ఈ భయమూ కొంత కారణమంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మళ్ళీ మా ఈపూరుకు వస్తాను. మా ఊళ్ళో నిలబడి నలుదిక్కులా చూస్తే విమానం దిగగల నేలలు నాలుగు కనిపిస్తవి. నాలుగింటి పుట్టుకా నాలుగు విధాలు.

నైరుతి దిక్కున దొనకొండ. వినుకొండలో రైలెక్కి గుంతకల్లు వైపు పోతే కురిచేడు దాటిన తరువాత వచ్చే స్టేషనులలో ఒకటి అది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లీషువారు అక్కడ విమానాల బాట వేశారు. యుద్ధం ముగిసింది, దానితో బాటకు పని ముగిసింది. ప్రాధికార సంస్థ పేరిట నూటముప్పైకి పైగా ఎకరాలు మిగిలి ఉన్నవి. చిన్న పట్టణాలకు విమానాలు నడపాలనే పథకాల జాబితాలలో దాని పేరు వస్తూనే ఉన్నది.

తూర్పు దిక్కున గన్నవరం. అదీ యుద్ధకాలపు సైనిక స్థావరమే. కాని దాని అదృష్టం వేరు. పక్కన బెజవాడ ఉన్నది, వ్యాపారం ఉన్నది, రోజూ ఎక్కేవారూ దిగేవారూ ఉన్నారు. పౌర విమానాశ్రయంగా మారి, 2017లో అంతర్జాతీయ హోదా పొందింది. విస్తరణకు చుట్టుపక్కల రైతులు వందల ఎకరాలు ఇచ్చారు. ఒకే యుద్ధం కన్న ఇద్దరు బిడ్డలలో ఒకరు ఇలా, మరొకరు అలా అయినారు.

దక్షిణంగా, మద్రాసు రహదారిమీద కొరిశపాడు దగ్గర నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవున రోడ్డునే విమానాల బాటగా కట్టారు. వెడల్పు 33 మీటర్లు. 2022 డిసెంబరు 29న, మళ్ళీ 2024 మార్చి 18న వైమానిక దళం అక్కడ విమానాలతో అభ్యాసం చేసింది. తుఫానులూ యుద్ధాలూ వచ్చినప్పుడు పనికివచ్చే ఏర్పాటు అది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన వారికి అలాంటి చోటు విలువ చెప్పనక్కరలేదు. అయితే అది రోడ్డుగా ప్రజలది, బాటగా సైన్యానిది. శిక్షణార్థికో, రోగిని తీసుకుపోయే విమానానికో తెరచిన తలుపు కాదు.

వాయవ్యంగా, మాచర్ల దాటిన తరువాత విజయపురి సౌత్. ప్రసంగ విషయానికి అన్నిటికంటె దగ్గరగా వచ్చేది ఇదే. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. పల్నాటి మెట్టనేలకు నీటి రుచి తెలిసింది ఆ కుడికాలువతోనే. ఆ ప్రాజెక్టు నీడన, కుడిగట్టున, పల్నాడు జిల్లా గడ్డమీద చిన్న విమానాల బాట ఉన్నది. ప్రయాణికుల విమానాలు రావు, వేళాపట్టిక లేదు. వైమానిక విద్యార్థుల శిక్షణకు మాత్రం అది ఉపయోగపడుతూ వచ్చింది. వాణిజ్య లైసెన్సు కావలసిన విద్యార్థి 200 గంటలు ఎగరాలి. ఆ గంటలు రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయంలో దొరకవు. ఒక బోయింగు దిగవలసిన వేళ శిక్షణ విమానాన్ని పక్కకు తప్పించి నిలబెడతారు. ఖాళీ ఆకాశం, ఖాళీ బాట ఉన్నచోటనే విద్య సాగుతుంది. ఆ ఖాళీ పల్నాట ఉన్నది.

ఈ విద్యకు కొన్ని సమయాల చెల్లించవలసిన వెల కూడా ఉన్నది. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ బాటనుంచి లేచిన శిక్షణ విమానం కృష్ణ అవతలి ఒడ్డున నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలి, ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థిని ప్రాణం కోల్పోయింది. పొలాలలో ఉన్న రైతులే మొదట పరుగెత్తుకొని వెళ్ళారు. చిన్న విమానాశ్రయమంటే అల్లాటప్పా వ్యవహారం కాదని, అక్కడా పర్యవేక్షణ, రక్షణ, వైద్యం, అగ్నిమాపక సాధనాలు పెద్దచోట్ల వలెనే ఉండాలని ఇలాంటి దుర్ఘటనలు హెచ్చరిస్తున్నవి. బాట చిన్నదయినంత మాత్రాన అక్కడ ఎగిరేవారి ప్రాణం చిన్నది కాదు.

ఈ నాలుగు నేలలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. యుద్ధం కట్టించిన బాట యుద్ధంతో నిద్రపోయింది. పక్కన ఊరు ఉండి, వాడకం కుదిరినది బ్రతికి పెరిగింది. రోడ్డుమీది బాట ఆపదకు కాచుకొని ఉన్నది. విద్య సాగే బాట వేళాపట్టిక లేకుండానే కాలం నెట్టుకొచ్చింది. కాబట్టి విమానాశ్రయాన్ని బ్రతికించేది సిమెంటు కాదు, వాడకం. వాడకం ఉండాలంటే దగ్గరలో ఉండి దాన్ని తనది అనుకొనేవారు ఒకరు ఉండాలి.

ఆ ఒకరు ఎవరు? దక్షిణాన పుట్టపర్తిలో 1990లో ఒక ధార్మిక ట్రస్టు విమానాశ్రయం కట్టింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో రాష్ట్ర ప్రభుత్వమే తన సంస్థ ద్వారా కట్టి, 2021 మార్చి 25న ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టింది. ఢిల్లీ అనుమతి ఇస్తుంది. నేలా, పూచీ ఇక్కడివారివి. ట్రస్టు కట్టగలిగినప్పుడు, రాష్ట్రం కట్టగలిగినప్పుడు, కొన్ని పట్టణాలు కలిసి ఒక చిన్న బాటను ఎందుకు చూసుకోరాదు అని అడగవచ్చు.

అడగవచ్చు గాని, ఊరి యాజమాన్యంలోనే సర్వమూ ఉన్నదనుకోవడం కూడా తొందరపాటు అవుతుంది. దానికి అమెరికాలోని రెండు నగరాలు సాక్ష్యం. చికాగోలో సరస్సు ఒడ్డున మెయిగ్స్ ఫీల్డ్ అనే నగర విమానాశ్రయం 1948నుంచి నడిచింది. 2003 మార్చి 30 అర్ధరాత్రి మేయరు రిచర్డ్ డేలీ ఆజ్ఞతో బుల్‌డోజర్లు వచ్చి బాటమీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్విపోసినవి. తెల్లవారేటప్పటికి పదహారు విమానాలు ఎగరలేక అక్కడే చిక్కుకొన్నవి. ముందుగా తెలియజేయనందుకు నగరం 33,000 డాలర్ల జరిమానా కట్టింది. ఆ నేల ఇప్పుడు ఉద్యానవనం. నగరం తన నేలను తానే దున్నుకొన్నది, కాదనగలవారు లేకపోయారు.

రెండవది కాలిఫోర్నియాలోని శాంటా మోనికా. 1924లో ప్రపంచాన్ని మొదటిసారి చుట్టివచ్చిన విమానాలు ఆ మైదానంనుంచే బయలుదేరినవి. 1935 డిసెంబరు 17న డగ్లస్ కంపెనీవారి డీసీ-3 అక్కడే తొలిసారి నేల విడిచింది. ఆ డీసీ-3 వంశంలోనిదే మనవారు డకోటా అని పిలిచిన విమానం. అంటే ఒక చిన్న నగరపు మైదానంలో పుట్టిన విమానం పది పన్నెండేండ్లలో బేగంపేట బాటమీద దిగిందన్న మాట. అంతటి చరిత్ర ఉన్నా, చుట్టూ ఇళ్ళు పెరిగి, మోత భరించలేమని, సీసం కలిసిన ఇంధనపు పొగ పడదని ఇరుగుపొరుగువారు దశాబ్దాల తరబడి పోరాడారు. 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2028 డిసెంబరు 31 తరువాత దాన్ని మూసివేసుకొనే హక్కు నగరానికి దక్కింది. ఇందులో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం సులభం కాదు. ఇంటి పైకప్పుమీదుగా రోజంతా విమానాలు పోతుంటే పసిబిడ్డను నిద్రపుచ్చే తల్లి బాధ కూడా బాధే గదా.

కనుక ఊరికి నేల ఉంటే చాలదు; ఒక కట్టుబాటు ఉండాలి. బాటకు ఎదురుగా ఇళ్ళు కట్టరాదన్న కట్టుబాటు మొదటి రోజునుంచే ఉండాలి. దిగేవారిని భేదం లేకుండా దిగనివ్వాలి. ఊరివారు మోత భరించినందుకు ప్రతిఫలంగా వారి పిల్లలకు విద్యో, ఉపాధో, ఆపదలో వైద్య విమానమో అందాలి. లేకపోతే, "మా చేలమీదుగా దొరలు ఎగరడానికి మా నేల ఎందుకు ఇవ్వాలి?" అని రైతు అడుగుతాడు. అడగడం న్యాయమే. కుడికాలువ తవ్వినప్పుడు పల్నాటి రైతు నేల ఇచ్చాడు; బదులు నీరు వచ్చింది. నేల ఇచ్చినవాడికి ఏదో ఒకటి తిరిగి రావాలన్నది ఈ సీమ ఎరిగిన లెక్క.

ఇదంతా ఈపూరులో రేపే విమానాశ్రయం కట్టాలని చెప్పడానికి కాదు. కొత్తగా నేల సేకరించడం కంటె, ఉన్న నేలను పోనీయకుండా కాపాడుకోవడం తేలిక, చవుక, న్యాయం. మామునూరు నేర్పిన పాఠం అది. దొనకొండలో ఉన్న నేల, విజయపురి సౌత్‌లో ఉన్న నేల నిన్నటి తరంవారు మనకు అప్పగించిపోయిన పెట్టుబడి. 2024 నవంబరు 9న విజయవాడ దగ్గర కృష్ణా నీళ్ళమీదనుంచి లేచి శ్రీశైలం జలాశయంలో దిగిన సముద్రవిమానాన్ని చూసి జనం ముచ్చటపడ్డారు. నీటిమీద దిగడానికి నేల సేకరించనక్కరలేదు గనుక ఆ ముచ్చట ఒక్కనాటిలో తీరింది. నేల సంగతి అలా కాదు. ఒకసారి చేజారితే మూడు తరాలు పోరాడినా మళ్ళీ ఒకచోట కుదరదు.

ఈ మధ్య ఊరు వెళ్ళినప్పుడు మా పొలం పక్క చేనులో ఒక కుర్రవాడు డ్రోనుతో మందు చల్లుతున్నాడు. పని ముగించి దాన్ని దించడానికి గట్టుమీద గోనెపట్టా ఒకటి పరిచాడు. చుట్టూ మూగిన పిల్లలను "పక్కకు జరగండి, దిగే చోటు వదలండి" అని కేకవేశాడు. పిల్లలు జరిగారు. అది తిన్నగా వచ్చి పట్టామీద వాలింది. మా తాతగారు బ్రతికి ఉంటే ఆయన ప్రశ్నకు ఆ కుర్రవాడే జవాబు చెప్పి ఉండేవాడు.